మూడో పెట్టె గురించి పదకొండు ఉత్తరాలు

ఈమధ్య నా పాత ఆఫీసు పిల్లలు నన్ను భోజనానికి పిలిచారు. పిల్లలంటే నలభైకి దగ్గర పడుతున్నవాళ్లే, నాకు మాత్రం పిల్లలే. పాత రోజుల సంగతులు చెప్పండి సార్ అని అడిగితే, ఎప్పుడూ చెప్పే నాలుగు కథలే మళ్లీ చెప్పాను. సర్వర్ గదిలోకి వాన నీళ్లు దూరడం, మేమంతా ప్యాంట్లు మడుచుకుని బకెట్లతో తోడటం, ఆ బాపతు. అందరూ నవ్వారు. ఇంటికొచ్చాక నా మీద నాకే చిరాకేసింది. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో, పిల్లలూ, మీకు నిజంగా చెప్పాల్సింది ఒక్కటుంటే, దాన్ని దాచిపెట్టి మిగతావన్నీ చెప్పుకుంటూ తిరుగుతున్నాను. అందుకని ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను. ఇందులో నవ్వుకోవడానికి పెద్దగా ఏమీ లేదు.

కంపెనీ పేరు చివర డాట్ కామ్ అని తగిలిస్తే చాలు, పెట్టుబడి పెట్టేవాళ్లు వెతుక్కుంటూ వచ్చే రోజులవి. సైన్స్ పార్క్‌లో మా ఆఫీసు. మొత్తం పన్నెండుమందిమి. నేను క్లెమెంటిలో ఒక ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉండేవాణ్ని. మా ఆవిడ పురిటికి గుంటూరు వెళ్లింది. బిడ్డకు నాలుగో నెల రాగానే ఇద్దరినీ తెచ్చుకోవాలని వేరే ఫ్లాట్ కూడా మాట్లాడి పెట్టాను. నేను ఈ దీవి దేశంలో ఉండి పనిచేయడానికి ఇచ్చిన పాస్ కంపెనీ పేరు మీద ఉంది. ఉద్యోగం పోతే నెల తిరక్కుండా మూటాముల్లే సర్దుకోవాలి. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను చేసినదానికి నాకున్న సాకు ఇదొక్కటే. అది ఎంత బలమైనదో మీరే తేల్చుకోండి.

ఆ ఏడాది మాకొక పని వచ్చింది. ఊరికి పడమటి అంచున ఒకప్పుడు కౌబాయ్‌ల పార్కు ఉండేదట. నేను వచ్చేనాటికే మూతపడి, చుట్టూ రేకుల కంచె, లోపల నడుమెత్తు గడ్డి. దాని యజమానులు కొత్తగా ఇంకో పార్కు కట్టబోతున్నారు. జనాన్ని ముందే మెత్తబరచడానికి ఒక వెబ్‌సైట్ పెట్టి, ‘పాత పార్కులో మీ చిన్ననాటి జ్ఞాపకాలు రాసి పంపండి, బాగున్నవాటికి బహుమతులు’ అన్నారు. ఉత్తరాలు కుప్పలు తెప్పలుగా వచ్చిపడ్డాయి. ఉత్తరాలంటున్నాను గానీ అన్నీ ఈమెయిళ్లే. వాటిని శుభ్రం చేసి సైటులో పెట్టే పని నాకు అప్పజెప్పారు.

అంత సరదా పని నేను మళ్లీ చేయలేదు. గుమ్మం దగ్గర చొక్కాకి గుచ్చే రేకు నక్షత్రాన్ని పెట్టుకునే పడుకుని, పొద్దున లేచేసరికి గుండె మీద గీరుకుపోయిన పిల్లాడు రాశాడు. గుర్రాల రంగులరాట్నం మీద వాళ్ల అమ్మమ్మ సారోంగ్ కట్టుకుని ఒక పక్కకు కూర్చుందట, మూడు చుట్లు తిరిగినా దిగనందట. దుంగలా చేసిన పడవ నీళ్లలోకి దూకేటప్పుడు వాళ్ల నాన్న ఉన్న ఒక్క జత ఆఫీసు బూట్లనూ ప్లాస్టిక్ సంచిలో పెట్టి నెత్తిమీద ఎత్తిపట్టుకున్నాడట. మనిషంతా తడిసినా బూట్లు తడవలేదని కూతురు గర్వంగా రాసింది. సాయంత్రం నాలుగింటి నాటకంలో ముసుగులేసుకుని బ్యాంకు దోచే దొంగల్లో ఒకడు తన స్కూలు డ్రిల్లు మాస్టారేనని గొంతు బట్టి కనిపెట్టినవాడొకడు. మా ఊళ్లో ఎగ్జిబిషన్‌కొచ్చే రంగులరాట్నం తప్ప ఏమీ ఎక్కని నేను, చదివి చదివి ఆ పార్కులోనే పెరిగినట్టు తయారయ్యాను.

బహుమతులున్నాయి కాబట్టి కొందరు ఒకే ఉత్తరాన్ని నాలుగు పేర్లతో పంపేవాళ్లు. అలాంటివి ఏరేయడానికి నేనొక ప్రోగ్రామ్ రాశాను. రెండు ఉత్తరాల్లో చాలా మాటలు కలిస్తే మొదటిది ఉంచి, రెండోదాన్ని ‘నకలు’ అని పక్కన పెట్టేది. పక్కన పెట్టినవాటిని నేను కళ్లతో చూసి, నిజంగా నకలైతే తీసేయాలి. నా ప్రోగ్రామ్ అంటే నాకు ముద్దు. ఏ పనివాడికైనా తన పనిముట్టు మీద కాస్త మోజు ఉంటుంది కదా.

ఆ నకళ్లలో ఒకేచోట పది ఉత్తరాలు పడ్డాయి. మొదటిదానితో కలిపి పదకొండు. అన్నీ గని రైలు గురించే. బొగ్గు గనిలో తిరిగే తొట్ల లాంటి పెట్టెలు, కొండ చుట్టూ చీకటి గుహల్లోంచి దడదడమని పోయే రైలు. దాన్ని కౌబాయ్ టోపీ పెట్టుకున్న ఒక అంకుల్ నడిపేవాడు. మూడో పెట్టెలో ఎడమవైపు, ఒడిమీదికి దిగే ఇనుప కమ్మీ సరిగా పడేది కాదట. గొళ్ళెం అరిగిపోయింది. అంకుల్ నీలం రంగు నైలాన్ తాడుతో దాన్ని కట్టి, ముడిని తన చేత్తో గుంజి చూసి గానీ రైలు వదిలేవాడు కాదు. పదకొండుమందీ అదే రాశారు. కానీ నకళ్లు కావు. వేర్వేరు ఏళ్లు, వేర్వేరు స్కూళ్లు, ఒకరికొకరు తెలియదు. ఒకమ్మాయి, అంకుల్ ఆ కమ్మీ చూపిస్తూ టై కట్టుకున్న మనిషితో గొడవపడటం చూశానని రాసింది. ఆఖరి ఉత్తరం చదివి నేను కుర్చీలోంచి లేచాను. ‘ఆ రోజు నేను రెండో పెట్టెలో ఉన్నాను. పొద్దున ఫొటోలు తీయడానికి ఎవరో వచ్చారు. తాడు అసహ్యంగా ఉందని టై మనిషి కోయించేశాడు. మధ్యాహ్నం మలుపులో మా వెనక పెట్టెలోంచి ఒక పాప పడిపోయింది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఎవరూ నన్ను ఏమీ అడగలేదు’ అని ఉంది.

మొదటి ఉత్తరాన్ని పార్కు వాళ్ల ఆఫీసు మనిషికి చూపించాం. ఇలాంటివి వద్దు, సంతోషంగా ఉండేవే పెట్టండి అన్నాడు. మిగతా పదీ ఎలాగూ నకళ్లని ప్రోగ్రామే తేల్చింది. ఆదివారం కూర్చుని అన్నీ తీసేశాను. సోమవారం సైటు మొదలైంది. డిస్కులో జాగా చాలక, వచ్చిన అసలు మెయిళ్లు కూడా అదే రోజు చెరిపేశాను. చెరిపేటప్పుడు నాకేమీ అనిపించలేదని అంటే అబద్ధం. అనిపించింది, కాసేపు.

బుధవారం పొద్దున మా సిస్టమ్స్ చూసే చైనీస్ అమ్మాయి వచ్చి, కింద ఒక అంకుల్ ఉన్నారు, మీ భాష మాట్లాడుతున్నారు అంది. వెళ్లి చూస్తే అరవై దాటిన మనిషి, ఏదో స్కూలు గేటు దగ్గర కాపలా ఉండే యూనిఫాం. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నాడు.

“బాబూ, నువ్వు తెలుగోడివంట. ఆ పాప సెప్పింది. మకాన్ అయిందా, తిన్నావా? నాను ఈడే పుట్టినాను, సెంబవాంగ్‌ల. మా అయ్య బ్రిటిషోళ్ల కాలంల నేవల్ బేస్‌కి పనికొచ్చీసినాడు. ఆ పార్కుల మైన్ ట్రైన్ నడిపినోణ్ని నానే.”

టోపీ లేకపోయినా ఆ మాటతో నాకు మనిషి కనిపించాడు. లోపల గదిలో కూర్చోబెట్టి టీ తెప్పించాను. టీ ముట్టలేదు.

“ట్రైన్‌లంచి పడి సచ్చిపోనాది కదా, ఆ పిల్ల మా బ్లాక్‌లదే బాబూ. మాకు రెండు ఫ్లోర్ల కింద. తొమ్మిదేళ్లు. నా స్టాఫ్ పాస్ మీద నానే తీస్కెల్లినాను, ఆళ్లమ్మనడిగి. తాడు కోసీసినారు. ఆ పెట్టె ఆపీమన్నాను. ఫొటోలోల్లు ఉన్నారు, అన్ని పెట్టెలూ నిండుగ ఉండాల అన్నారు. ఎంక్వయిరీల తాడే నేదన్నారు, గొళ్ళెం మంచిదే అన్నారు. నాను సూడకండా ఒదిలీసినానన్నారు.”

“అప్పుడు మీరు ఎవరికీ చెప్పలేదా అంకుల్?”

“సెప్పినాను. ఎవులింటారు? ఆళ్లమ్మ లిఫ్ట్‌ల నన్ను సూస్తే దిగిపోద్ది. ఆయమ్మ తప్పు నేదు. ఒచ్చే నెల్ల కొడుకు కాడికి పెర్త్ ఎల్లిపోతంది. మొన్న మా గేటు కాడ ఒక కుర్రోడు ‘మైన్ ట్రైన్ అంకుల్!’ అని గుర్తట్టీసినాడు. నీ తాడు గురించి రాసినానంకుల్, సైట్‌ల పెట్టనేదు అన్నాడు. ఈ ఆఫీసు అడ్రసు ఆడే ఇచ్చినాడు. అలగ ఇంకెంతమంది రాసుంటారు? కేసు గీసు ఒద్దు బాబూ. ఆ కాయితాలియ్యి, ఆయమ్మకి సూపిస్తాను. నాను సెప్తే నమ్మదు. ఎవులో ఎరగని పిల్లలు రాసినారంటే నమ్ముద్ది.” ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: “నిన్న ఆయమ్మ తలుపు కాడికెల్లి సెప్పీసినాను, కంప్యూటర్ ఆఫీసుల ఉత్తరాలున్నాయి, తెస్తానని. తలుపేసీనేదు. ఇన్నేళ్లకి మొదటిసారి తలుపేసీనేదు బాబూ.”

చూస్తాను అంకుల్, శనివారం రండి అన్నాను. ‘చూస్తాను’ అనే మాట మీకూ అలవాటే అయ్యుంటుంది. ఉద్యోగంలో అంతకంటే సుఖమైన మాట లేదు.

ఉత్తరాలు చెరిపేశాను గానీ పూర్తిగా పోలేదు. అది నాకు తెలుసు. ప్రతి శుక్రవారం సాయంత్రం సర్వర్‌లో ఉన్నదంతా ఒక టేపు మీదికి ఎక్కించేవాళ్లం. వారపు టేపు మాకు ఒక్కటే. ఈ శుక్రవారం ఎక్కిస్తే పోయిన శుక్రవారానిది చెరిగిపోతుంది. పోయిన శుక్రవారం నాటికి ఉత్తరాలన్నీ సర్వర్‌లోనే ఉన్నాయి. అంటే నాకు రెండున్నర రోజులుంది. టేపు పెట్టి వెనక్కి తెచ్చుకోవడం గంట పని.

మా ప్రాజెక్టు మేనేజర్ హైదరాబాద్ ఆయన. నాకు ఆ ఉద్యోగం ఇప్పించింది ఆయనే. అన్నా అని పిలిచేవాణ్ని. గురువారం మధ్యాహ్నం హాకర్ సెంటర్‌లో చేపల పులుసు తింటూ సంగతి చెప్పాను.

“అరె, గాయన లొల్లి నీకెందుకు తమ్మీ? సైట్ ఎవరిది? పార్కోళ్లది. వాళ్ల మీది ఉత్తరాలే వాళ్ల సర్వర్ల నుంచి తీసి ఇస్తవా? కాంట్రాక్ట్ ఖతం అయితది. నీ పాస్ రెన్యువల్ కాయితం నా టేబుల్ మీదనే ఉన్నది. నేనేం బెదిరిస్తలే, ఉన్నది చెప్తున్న. డిలీట్ చేసినవ్ గద? మరి లేవు గద. లేవని చెప్పు, అయిపాయె.”

చెడ్డవాడేమీ కాదు. తర్వాత నా బిడ్డ మొదటి పుట్టినరోజుకు చంకన ఎత్తుకుని ఊరేగించిన మనిషి. టేపు సంగతి ఆయన అడగలేదు, నేనూ ఎత్తలేదు.

శుక్రవారం ఐదింటికి మా ఆఫీసులో ఒక తంతు ఉండేది. ఆ చైనీస్ అమ్మాయి టేపు పట్టుకుని సర్వర్ గది గుమ్మంలో నిలబడి, “క్లియర్ ఆర్ నాట్?” అని అరిచేది. పాత టేపులోంచి ఏమైనా కావాలంటే అప్పుడే చెప్పాలి. వద్దనుకున్నవాడు క్లియర్ అనాలి. అందరూ అంటే గానీ టేపు పెట్టేది కాదు. ఒకసారి ఎవరిదో అసలు ఫైలు పోయి తప్పు తన మీదికి వచ్చిందట, అప్పట్నించి ఈ పద్ధతి పెట్టింది. మేము దాన్ని ఆటగా తీసుకుని ఒక్కొక్కరం ఒక్కో గొంతుతో అరిచేవాళ్లం.

ఆ రోజూ అరిచారు. క్లియర్, క్లియర్, ఒకడు పాట పాడినట్టు, ఇంకొకడు కోడిలా. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టుకుంది. ఒక్కరు తక్కువయ్యారు. నా వంక చూసింది.

“నువ్వు?”

నేను మానిటర్ వంక చూస్తున్నాను. తెర మీద ఏముందో ఇప్పుడు గుర్తులేదు. ఒక్క నిమిషం ఆగు అంటే చాలు. ఎందుకని ఆమె అడిగేది కూడా కాదు. నా కళ్లముందు గుంటూరులో ఉన్న బిడ్డ లేదు, పాస్ కాగితం లేదు, నిజం చెప్పాలంటే ఆ క్షణంలో అవేవీ లేవు. అందరూ నన్నే చూస్తున్నారు, ఇంటికెళ్లాలని తొందరపడుతున్నారు, అంతే ఉంది.

“క్లియర్,” అన్నాను.

శనివారం ఒక పూట ఆఫీసు. పది గంటలకే అంకుల్ వచ్చాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, వెంట కాలేజీలో చదువుకునే కూతురు. ఇంగ్లీషు కాగితాలు చదివిపెట్టడానికి తీసుకొచ్చాడు. ఆమె చేతిలో కాగితాలు పెట్టుకోవడానికి ఒక కొత్త ఫైలు. ఆయన చేతిలో ఆఫీసందరికీ అని కర్రీ పఫ్‌ల పొట్లం.

“లేవు అంకుల్. మొత్తం చెరిగిపోయాయి,” అన్నాను. చూడండి, నేను అబద్ధమాడలేదు. అది నిజమయ్యేదాకా ఆగి చెప్పాను.

కూతురు నమ్మలేదు. “యు షూర్ ఆ? బ్యాకప్ కూడా లేదా?”

“బ్యాకప్‌లో కూడా లేవమ్మా.”

ఆయన చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టాడు. తర్వాత ముఖం కొంచెం విచ్చుకుంది. “పోనీ బాబూ, కాయితాల్లేకపోతే పోనీ. నువ్వు సదివినావు కదా? నువ్వే ఒకసారి ఒచ్చి ఆయమ్మకి నోటితో సెప్పు. ట్రైన్ టేషన్ కాడికి నానొచ్చి తీస్కెల్తాను. పది నిమిషాలు సాలు. నాకు సుట్టానివి కావు, నేస్తానివి కావు. నీ మాట నమ్ముద్ది.”

దీని గురించి నేను ఆలోచించుకోలేదు. కాగితాలు పోతే నేను గట్టెక్కుతాననుకున్నాను. చదివినవాణ్ని నేనొకణ్ని మిగిలి ఉన్నానని నాకు తట్టలేదు. ఆయన అడిగినదానికి సర్వర్ అక్కర్లేదు, టేపు అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఒక ఆదివారం సెంబవాంగ్ దాకా రైలెక్కి, ఒక గుమ్మం ముందు నిలబడి, నేను చదివింది చెబితే చాలు. పార్కు వాళ్లకు తెలిసేది కూడా కాదేమో. తెలిస్తే? ఆమె కొడుకు ఎవరికైనా రాస్తే? నా పేరు బయటికొస్తే? అవన్నీ ఒక్కసారిగా బుర్రలోకి వచ్చిపడ్డాయి.

“నేను చదవలేదు అంకుల్,” అన్నాను. “అంతా ప్రోగ్రామే చూసుకుంటుంది.”

“మెషినే సదివీస్తాదా?”

“అవునంకుల్.”

“నువ్వు ఒక్కటీ సూడనేదా బాబూ?”

“లేదంకుల్.”

తలూపాడు. నా భుజం తట్టాడు. నీకు పనికి అడ్డం పడినాను అని తనే నాకు క్షమాపణ చెప్పాడు. కూతురు ఖాళీ ఫైలును సంచిలో పెట్టుకుంది. వాళ్లు లిఫ్ట్ ఎక్కాక ఆ సిస్టమ్స్ అమ్మాయి వచ్చి, అంకుల్‌కి ఏం కావాలట, నిన్న చెరిపిన టేపులోది కాదు కదా అని అడిగింది. కాదన్నాను. హమ్మయ్య, లేకపోతే నాకు బాధగా ఉండేది లా, అని ఇక్కడివాళ్ల యాసలో అంది. కర్రీ పఫ్‌లు అందరూ తిన్నారు. నేనూ తిన్నాను.

మీలో చాలామంది ఇప్పుడు నా ప్రోగ్రామ్ కంటే పెద్ద పెద్ద యంత్రాల చేత చదివిస్తున్నారు. సిస్టమ్‌లో లేదండీ అని రోజుకు ఎందరితోనో అంటుంటారు. అనకండని చెప్పే ముఖం నాకు లేదు. ఆ మాట అన్నాక అవతలి మనిషి దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఏం చేస్తాడో మనకు కనిపించదు. నాకు కనిపించింది కాబట్టి చెబుతున్నాను.

ఐదారు నెలల తర్వాత. మా ఆవిడ, బిడ్డ వచ్చేశారు. ఒక ఆదివారం బిడ్డను ఎత్తుకుని క్లెమెంటి బస్టాపులో నిలబడి ఉంటే, అన్నా అని ఎవరో పిలిచారు. ఆ రైలు అంకుల్ కూతురు. స్నేహితురాలి ఇంటికి వచ్చిందట. బిడ్డ బుగ్గ నిమిరింది. నాన్నగారు ఎలా ఉన్నారని అడిగాను. అడక్కుండా ఉండాలనే అనుకున్నాను, నోరు ఊరుకోలేదు.

“ఓకే అన్నా. ఆ రోజు మీ ఆఫీస్ నుంచి స్ట్రెయిట్‌గా కింద ఆంటీ దగ్గరికి వెళ్లిపోయారు. చెప్పొద్దు, గమ్మున ఉండండి, షి విల్ ఫర్గెట్ లా అన్నాను. వినలేదు. మాట ఇచ్చినాను, సెప్పాల అన్నారు. వెళ్లి, అన్నీ చూసినారంట, నా గురించి ఏం లేదంట అని చెప్పేశారు.”

“ఆవిడ ఏమన్నారు?”

“నథింగ్. తలుపు వేసేసింది. తర్వాత పెర్త్ వెళ్లిపోయింది.”

బిడ్డ నా కళ్లజోడు లాగుతోంది. నేను దాన్ని సర్దుకుంటూ నిలబడ్డాను.

“బిఫోర్, నాన్న సో షూర్, యు నో? తాడు కోశారు, కోశారు అని ఎవ్రీడే చెప్పేవారు. నౌ హి సేస్ మేబీ నో. అంత పెద్ద కంప్యూటర్‌లో ఒక్కరు కూడా రాయలేదంటే, నాకే తప్పుగ గుర్తుందేమో అంటారు. ఆ రోజు తాడు కట్టడం నానే మర్సిపోయినానేమో, నా సేత్తోనే పోయిందేమో ఆ పిల్ల అంటారు.” ఆమె బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూసింది. “బట్ ఇప్పుడు ఎవరితోనూ గొడవ లేదన్నా. కామ్‌గా ఉంటారు. ఎనీవే, థాంక్స్ ఆ. నాన్న ఎప్పుడూ అంటారు, ఆ బాబు మంచోడు, మన కోసం అంతా ఎతికినాడు అని.”

“పర్లేదమ్మా,” అన్నాను.